చూసి నొక్కుదామా, నొక్కి చూద్దామా?

కిందటేడు మన హాస్టలు వంట మేస్త్రి గారి రిటైర్మెంటు సభలో తీసిన గ్రూపు ఫోటోని ఈ సావనీరులో వేద్దామని సంపాదకవర్గం తీర్మానించింది. తీరా దాన్ని పేజీ సైజుకి పెద్దది చేసేసరికి సంగతి బయటపడింది. ముందు వరసలో నేలమీద కూర్చున్న కుర్రాళ్ళ చొక్కా గుండీలు సైతం లెక్కపెట్టవచ్చు. వెనక వరసలో నిలబడ్డ మేస్త్రి గారి ముఖం మాత్రం పొగమంచులో ఉన్నట్టుంది. "నేను కుర్చీలో కూర్చోడం ఏమిటి బాబూ" అని మొహమాటపడి ఆయనే వెనక్కి వెళ్ళి నిలబడ్డారు. ఇన్నేళ్ళు మనకి అన్నం పెట్టిన మనిషి. ఆయన కోసం పెట్టిన సభలో ఆయనే మసక.

ఆ ఫోటో తీసింది ఏ కుర్రాడో కాదు, ఈ వ్యాసం రాస్తున్న నేనే. పైగా ఫిజిక్సు పాఠం చెప్పి బతుకుతున్నవాణ్ణి. అంచేత దీన్ని ఉపదేశంగా కాక నేరాంగీకారంగా చదువుకోమని మనవి.

జరిగింది ఇదీ. సాయంత్రం వేళ, వెలుతురు తగ్గుతోంది. కాలేజీ వారి డి.ఎస్.ఎల్.ఆర్. కెమేరాకి 50 మి.మీ. లెన్సు తగిలించి ఎపర్చరు ఎఫ్ 1.8 దగ్గర పెట్టాను. వెలుతురు కోసం కొంతా, వెనక గోడ మసకబారితే ఫోటో గొప్పగా ఉంటుందన్న యావ కొంతా. వ్యూఫైండరులో చూస్తే అందరూ బాగానే కనిపించారు. నొక్కాను. కెమేరా వెనక బుల్లి తెరమీద చూశాను. అక్కడా బాగానే ఉంది. ఇలా పదకొండు తీసి "అయిపోయింది" అన్నాను. ఆ మాట కోసమే కాచుకున్నట్టు జనం పులిహోర వైపు నడిచారు.

మరి ముందూ వెనకా రెండుసార్లు చూసినవాడికి ఆ మసక ఎందుకు కనిపించలేదు?

ఈ రకం కెమేరాలో లెన్సు వెనక 45 డిగ్రీల వాలులో ఒక అద్దం ఉంటుంది. లెన్సులోంచి వచ్చిన వెలుగు దానిమీద పడి పైకి మళ్ళి, అక్కడున్న గరుకు పలకమీద బొమ్మ కట్టి, పెంటాప్రిజం గుండా కంటికి చేరుతుంది. బటను నొక్కినప్పుడు అద్దం పైకి లేచి, వెలుగు సెన్సారు మీద పడుతుంది. చిక్కంతా ఇక్కడే ఉంది. మనం చూస్తున్నంతసేపూ లెన్సు పూర్తిగా తెరుచుకునే ఉంటుంది. మీరు ఎఫ్ 11 పెట్టుకున్నా సరే, ఆ రంధ్రం కుంచించుకునేది నొక్కిన క్షణంలోనే. అంటే కంటికి కనిపించే బొమ్మ వేరు, చేతికొచ్చే బొమ్మ వేరు. దీనికి తోడు ఇంకో తిరకాసు. ఈ కాలపు కెమేరాల్లో ఆ పలకని చూపు వెలుతురుగా ఉండేలా తయారుచేస్తారు. అందువల్ల ఎఫ్ 1.8 దగ్గర రాబోయే మసకని అది పూర్తిగా చూపించలేదు. సుమారు ఎఫ్ 2.8 దగ్గర ఎంత ఉంటుందో అంతే చూపించి ఊరుకుంటుంది. నేను మోసపోయింది అక్కడే.

తర్వాత లెక్క వేసి తల కొట్టుకున్నాను. మన కెమేరా సెన్సారుకి, ఆ లెన్సుతో, 5 మీటర్ల దూరాన ఎఫ్ 1.8 దగ్గర ఫోకసు చేసిన చోటికి వెనక దక్కే స్పష్టత సుమారు అడుగుంపావు. మేస్త్రి గారు మూడడుగులు వెనక ఉన్నారు. అదే ఎఫ్ 8 పెట్టి ఉంటే ఏడడుగుల పైచిలుకు దక్కేది. వెలుతురు చాలక ఐ.ఎస్.ఓ. పెంచాల్సివచ్చేది, ఫోటో కాస్త గరుకుగా వచ్చేది. వస్తే వచ్చేది! మనిషి మిగిలేవాడు కదా.

ఇది తప్పించుకోలేని దోషమేమీ కాదు. చాలా కెమేరాల్లో లెన్సు బిగించే చోటికి పక్కనే ఓ చిన్న బటను ఉంటుంది. నొక్కి పట్టుకుంటే లెన్సు మనం పెట్టిన ఎపర్చరుకి మూసుకుంటుంది. చూపు చీకటవుతుంది. ఆ చీకట్లో ఓపికగా చూస్తే ఎంత లోతు స్పష్టంగా వస్తుందో తెలుస్తుంది. ఫిల్ము కెమేరాల రోజుల్లోనూ ఈ బటను ఉండేది, అప్పుడూ దాన్ని నొక్కినవాళ్ళు తక్కువే. (అంచేత 'మా రోజుల్లో' అని మొదలుపెట్టే పూర్వవిద్యార్థి మిత్రులు కాస్త తగ్గాలి.) ఎఫ్ 1.8 లాంటి చోట అయితే ఆ బటను కూడా చాలదు, లైవ్ వ్యూ కావాలి. 2006లో ఒలింపస్ ఇ-330తో నిలకడగా వచ్చిన ఈ సదుపాయం తర్వాత రెండుమూడేళ్ళలో అన్ని ప్రముఖ కంపెనీల కెమేరాల్లోకీ పాకింది. సెన్సారు చూసేదే తెరమీదకొస్తుంది. చివరి వరసలోని ముఖాన్ని పెద్దది చేసి, కళ్ళు స్పష్టంగా ఉన్నాయో లేదో నొక్కకముందే చూసుకోవచ్చు. అదే 2006లో వచ్చిన పెంటాక్స్ కె10డిలో ఇంకో ఏర్పాటుంది: నొక్కబోయే ఫోటోని నమూనాకి ఒకటి తీసి తెరమీద చూపిస్తుంది, కార్డులో మాత్రం దాచదు. వంటవాడు ఉప్పు చూసినట్టన్నమాట.

అసలు ఫోటోగ్రఫీ పుట్టిందే ముందు చూసుకోడంతో. 19వ శతాబ్దంలో సికిందరాబాదులో స్టూడియో నడిపిన రాజా దీనదయాళ్ నాటి పెద్ద కెమేరాల్లో, నల్లగుడ్డ కింద తలదూర్చి, గరుకు గాజుమీద తలకిందులుగా పడే బొమ్మని అంచు నుంచి అంచుదాకా చూశాకే ప్లేటు పెట్టేవారు. ప్లేటు పెట్టాక ఇక చూడటానికి వీల్లేదు. ఇప్పుడు మన పద్ధతి సరిగ్గా తిరగబడింది.

"డిజిటల్‌కి ఖర్చేముంది సార్, వంద తీద్దాం, ఒకటి కుదరకపోతుందా" అంటారు మన ఫోటోగ్రఫీ క్లబ్బు కుర్రాళ్ళు. ఆటల పోటీల దగ్గర అది సరైన మాటే, ఒప్పుకుంటాను. కాని నేను తీసిన పదకొండూ ఒకే అమరికలో తీసినవి. ఒకే తప్పు పదకొండుసార్లు చేశాను. వంద తీసి ఉంటే వందసార్లు చేసేవాణ్ణి. పైగా కార్డులో జాగా ఉచితం గాని, ఎదురుగా నిలబడ్డవాళ్ళ ఓపిక ఉచితం కాదు. తీశాక చూసే బుల్లి తెర ధైర్యాన్నిస్తుంది, నిజం చెప్పదు. మూడంగుళాల్లో అందరి ముఖాలూ స్పష్టమే.

అద్దం లేని కొత్త కెమేరాలు వచ్చాక ఈ గొడవ తీరిపోయిందనే వాదమూ ఉంది. వాటిలో రాబోయే వెలుగునీడలు ముందే కనిపిస్తాయి, మంచిదే. చివరి ముఖాన్ని పెద్దది చేసి చూసుకునే పని మాత్రం అక్కడా మనిషిదే. అదీగాక మన కాలేజీ బీరువాలో ఉన్నది అద్దమున్న కెమేరాయే.

అందుకని యూనియన్ వారికి ఒక్క కోరిక. క్లబ్బు కెమేరా ఎవరికి ఇచ్చినా, ఆ చిన్న బటను ఎక్కడుందో, లైవ్ వ్యూలో ముఖాన్ని పెద్దది చేయడం ఎలాగో చేసి చూపించాకే రిజిస్టరులో సంతకం పెట్టించండి. అరగంట పని. నాతోనే మొదలుపెట్టండి, అభ్యంతరం లేదు.

మొన్న మేస్త్రి గారి అల్లుడు ఫోన్ చేశాడు, ఇంట్లో పటం కట్టించుకోడానికి ఆ గ్రూపు ఫోటో కావాలని. ఆయన ఊరు వెళ్ళి ఆయన్ని మళ్ళీ తీయగలను. కాని ఆ ఫైనలియర్ బ్యాచ్ ఉద్యోగాలకని తలో దిక్కూ పోయింది. వాళ్ళందర్నీ ఆయన చుట్టూ ఎవరు నిలబెడతారు? ఏం పంపాలో తోచక ఇంకా ఏమీ పంపలేదు.

వచ్చే నెల ఆఫీసు అటెండరు గారి రిటైర్మెంటు ఉంది. కెమేరా బ్యాటరీ ఛార్జి చేసి ఉంచండి. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టే పూచీ నాది.