పాట ఊరిది... పైకం ఎవరిది?

శ్రీకాకుళం జిల్లాలో తప్పెటగుళ్ల చిందు లేని జాతర, జముకు మోగని పండుగ పూర్వం అరుదు. నేడు ఈ పాట ఊరి పొలిమేర దాటింది. సెల్‌ఫోను చేతిలో ఉన్న ప్రతివాడూ దానిని వింటున్నాడు. సినిమాలవారు బాణీ తీసుకుంటున్నారు. యూట్యూబ్ చానళ్లవారు బృందాలను పిలిపించి రికార్డు చేస్తున్నారు. పాటకు ఆదరణ పెరిగినందుకు సంతోషించవలసిందే. కాని ఆ ఆదరణ వల్ల వచ్చే సొమ్ములో పాడినవాడి వాటా ఎంత? ఈ ప్రశ్న అడిగేవారు లేరు.

ఊళ్లలో సాధారణంగా జరిగేది ఇదే. రికార్డింగువారు వస్తారు. బృందానికి భోజనం, దారి ఖర్చులు, కొద్దిపాటి పారితోషికం ఇస్తారు. చివర ఒక కాగితం మీద సంతకమో, వేలిముద్రో తీసుకుంటారు. ఆ కాగితంలో ఏముందో చదివి చెప్పేవారు ఉండరు. పాట లక్షలమంది విన్న తరువాత గాయకుడు వెళ్లి అడిగితే, ‘ఆ రోజే ఇచ్చేశాం కదా’ అన్న సమాధానం వస్తుంది. పొలం అమ్మేటప్పుడు హద్దులు చూసుకునే రైతు, పాట ఇచ్చేటప్పుడు హద్దులు చూసుకోకపోవడమే ఈ నష్టానికి మూలం.

పేరు వచ్చినంత మాత్రాన పైకం వస్తుందనుకోవడం పొరపాటు. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే నాగర్‌కర్నూల్ జిల్లా కళాకారుడు దర్శనం మొగులయ్య 2021లో ‘భీమ్లా నాయక్’ సినిమా పాటలో గొంతు కలిపారు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కూలి పనికి వెళ్తున్నారని పత్రికల్లో వార్తలు వచ్చాయి. ప్రభుత్వాలు బిరుదులివ్వడం మంచిదే. కళాకారుడికి బతుకుతెరువు కావలసింది మాత్రం హక్కు ద్వారానే.

చట్టం నడిచిన దారి

చట్టం మొదట గాయకుడి పక్షాన లేదన్నది నిజం. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం సంగీతమంటే కాగితం మీద రాసిన స్వరమే. రాత రానివాడి బాణీకి రక్షణ లేదు. గొంతుకు అసలే లేదు. 1977లో సినీ నిర్మాతలకు, సంగీత రచయితల సంఘానికి మధ్య వ్యాజ్యం సుప్రీంకోర్టుకు వెళ్లింది. డబ్బిచ్చి పాట చేయించుకున్న నిర్మాతే, వేరే ఒప్పందం లేకపోతే, దానికి మొదటి యజమాని అని కోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పుతోపాటే జస్టిస్ వి.ఆర్.కృష్ణయ్యర్ విడిగా ఒక వ్యాఖ్య రాశారు. మన దేశంలో పాటకు ప్రాణం పోసేది గాయకుడే అయినా చట్టం అతనిని గుర్తించడం లేదని, పార్లమెంటు ఈ లోపాన్ని ఆలోచించాలని ఆయన సూచించారు.

ఆ సూచన చట్టం కావడానికి పదిహేడేళ్లు పట్టింది. 1994 సవరణతో ప్రదర్శకులకు హక్కు వచ్చింది. గాయకులు, వాద్యకారులు, నర్తకులే కాదు, గారడీవారు, పాములాడించేవారు కూడా చట్టం దృష్టిలో ప్రదర్శకులే. సంగీతం కాగితం మీద ఉండాలన్న నిబంధన కూడా ఆ సవరణతోనే పోయింది. 2012లో మరో సవరణ వచ్చింది. రాజ్యసభ సభ్యుడిగా ఉన్న కవి జావేద్ అఖ్తర్ దీనికోసం గట్టిగా పట్టుబట్టారు. పాట రాసినవారికి, బాణీ కట్టినవారికి, సినిమా హాలులో చిత్రంతోపాటు ఆడటం మినహా మిగతా వాడకాలన్నిటిపై రాయల్టీలో సమాన వాటా అప్పటినుంచి చట్టబద్ధమైంది. ఆ వాటా వదులుకుంటున్నట్లు సంతకం చేయించుకున్నా చెల్లదు. సినిమాతో సంబంధంలేని రికార్డులకు కూడా ఈ సమాన వాటా వర్తిస్తుంది. గాయకుడి ప్రదర్శనను వ్యాపారానికి వాడితే అతనికీ రాయల్టీ రావాలి. ప్రదర్శకుడి హక్కు యాభై ఏళ్లు ఉంటుంది. రచయిత హక్కు ఆయన తదనంతరం అరవై ఏళ్లు వారసులకు ఉంటుంది.

తెలుసుకోవలసినవి

హక్కు రాసిచ్చే కాగితంలో ఏ పాట, ఏ హక్కు, ఎన్నాళ్లకు, ఏ ప్రాంతానికి, ఎంత పైకానికి అన్నవి ఉండాలి. కాలం రాయకపోతే అయిదేళ్లకే అని చట్టం లెక్కకట్టుతుంది. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. నోటిమాటగా హక్కు బదిలీ కాదు. సొంతంగా కట్టిన పాటను రిజిస్టరు చేయించడం తప్పనిసరి కాదు. కాని వివాదం వస్తే ఆ పత్రం సాక్ష్యంగా అక్కరకు వస్తుంది. సంగీత రచనకు రుసుము 500 రూపాయలు.

తాతల నాటి పాటల విషయం వేరు. వాటికి కట్టిన కవి పేరు తెలియదు. అవి ఊరందరివి. ఒక కంపెనీ తన ఖర్చుతో చేసిన రికార్డు మీద మాత్రమే హక్కు చెప్పగలదు. అంతేగాని, అదే పాటను ఊరివారు పాడుకోవద్దని అనజాలదు. ఆ రికార్డులో గొంతు ఇచ్చినవాడి హక్కు అతనికి ఉంటుంది.

పెళ్లి ఊరేగింపులో పాట పెడితే కేసు పెడతారన్న భయం కొందరికి ఉంది. మత సంబంధమైన వేడుకలకు, పెళ్లి ఊరేగింపులకు, పెళ్లికి సంబంధించిన వేడుకలకు చట్టంలోనే మినహాయింపు ఉంది. 2023లో కేంద్ర ప్రభుత్వం ఈ విషయం మరోసారి స్పష్టంచేసింది.

రికార్డింగు సంస్థల వాదనను కూడా కొట్టిపారవేయనక్కరలేదు. పది పాటలు తీస్తే ఒకటి నిలుస్తుందని, పెట్టుబడి తమదని, నష్టం వస్తే గాయకుడు పంచుకోడని వారంటారు. ఇందులో కొంత న్యాయం ఉంది. అందుకే చట్టం మొత్తం లాభం గాయకుడికి ఇవ్వమనలేదు. నిలిచిన పాట మీద వచ్చిన దానిలో వాటా ఇవ్వమంది. కౌలు రైతుకు పంటలో భాగం ఇవ్వడానికి ఒప్పుకునే ఊరు, పాటగాడికి పాటలో భాగం ఇవ్వడాన్ని తప్పు పట్టదు.

వకీలు కావాలి

చట్టం వచ్చింది. కాని అది ఊరిదాకా రాలేదు. ఈ పని చేసే వకీళ్లు చెన్నై, ముంబయి, హైదరాబాద్ నగరాల్లో, పెద్ద కంపెనీల కోసం పనిచేస్తున్నారు. జిల్లా కోర్టుల్లో భూమి తగాదాలు, క్రిమినల్ కేసులు చూసే న్యాయవాదులకు కొదవలేదు. పాట తగాదా చేపట్టేవారే కరవయ్యారు. దావా కోసం మద్రాసు పోనక్కరలేదు. బాధితుడు తాను నివసించే జిల్లాలోనే కోర్టుకు వెళ్లవచ్చని కాపీరైట్ చట్టం 62వ సెక్షను చెబుతోంది. మహిళలు, షెడ్యూల్డు కులాలు, తెగలవారు, నిర్ణీత ఆదాయం లోపు ఉన్న ఇతరులు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా ఉచితంగా న్యాయవాదిని పొందవచ్చు. 15100 నంబరుకు ఫోను చేసినా సలహా చెబుతారు.

యువ న్యాయవాదులు ఈ రంగంవైపు దృష్టి సారించాలి. ముందుగా కావలసింది కోర్టు పోరాటం కాదు. పాటగాడు సంతకం చేసేముందు కాగితం చదివి చెప్పే మనిషి. న్యాయసేవాధికార సంస్థ గ్రామాల్లో జరిపే సదస్సుల్లో భూమి, భరణం విషయాలతోపాటు కళాకారుల హక్కులనూ చేర్చాలి. తెలుగులో ఒక నమూనా ఒప్పంద పత్రం అచ్చువేసి పంచాలి. సాంస్కృతిక శాఖ గుర్తింపు కార్డులిచ్చే సమయంలోనే దానిని కళాకారులకు అందజేయవచ్చు. దీనికి పెద్ద ఖర్చు లేదు.

బృందాలు కూడా ఒక మాట మీద నిలవాలి. ఒక ఊరి బృందం కాగితం చదవకుండా సంతకం చేయనంటే, పక్క ఊరి బృందం తక్కువకు ఒప్పుకోకూడదు. మండలానికొక కళాకారుల సంఘం ఉంటే ఈ కట్టుబాటు సాధ్యమే. చదివి అర్థమయ్యేవరకు ఏ కాగితం మీదా వేలిముద్ర వేయకపోవడం, వేసిన ప్రతి కాగితం నకలు ఇంట్లో ఉంచుకోవడం ఈ రోజునుంచే మొదలుపెట్టవచ్చు.