గళ్ళు పెద్దవి చేసుకోండి, సుడోకు మీకే వస్తుంది



మధ్యాహ్నం గిన్నెలు సర్దేసి పేపరు పట్టుకుని కూర్చుంటే, పిల్లలు బడి నుంచి వచ్చేదాకా ఓ గంట మనది. సినిమా కబుర్లు, వారఫలాలు అయ్యాక ఓ మూల సుడోకు కనపడుతుంది. రెండు నిమిషాలు దానికేసి చూసి, "అబ్బే, లెక్కలు మనకెక్కడ వస్తాయిలే" అని పేపరు మడిచేసేవాళ్ళు మనలో ఎంతమందో! మడిచే ముందు ఒక్కమాట చెప్పండి. మీకు అడ్డం వచ్చింది లెక్కలా, కళ్ళా?

నలభై దాటాక కంటిలోని కటకం బిగుసుకుపోయి, దగ్గరి వస్తువు మీద చూపు సరిగ్గా నిలవదు. దాన్నే చత్వారం అంటారు. సూదిలో దారం ఎక్కించడానికి పిల్లల్ని పిలవడం, మందుసీసా మీద రాసింది చెయ్యి చాచి దూరం పెట్టి చదవడం ఇవన్నీ దాని గుర్తులే. పేపర్లో వేసే సుడోకులో ఒక్కో గడి గోరంత ఉంటుంది. అందులో 3ని 8 అనుకున్నామా, సగం దాకా బాగానే నడిచి తరవాత అంతా చిక్కుపడుతుంది. అప్పుడేమంటాం? "నాకు బుర్ర లేదు" అంటాం. ఇంట్లోవాళ్ళు కూడా "నీకెందుకే ఇవన్నీ" అంటారు. అచ్చు చిన్నదైనందుకు బుర్రని తిట్టుకోవడం ఏం న్యాయమండీ?

అసలు సుడోకులో కూడికలూ లేవు, తీసివేతలూ లేవు. తొమ్మిది అడ్డవరసలు, తొమ్మిది నిలువువరసలు, మూడేసి గళ్ళ చదరాలు తొమ్మిది. ప్రతి వరసలోనూ, ప్రతి చదరంలోనూ 1 నుంచి 9 దాకా అంకెలు ఒక్కొక్కసారే రావాలి. అంతే. అంకెల బదులు వంకాయ, బెండకాయ, దోసకాయ అని తొమ్మిది కూరగాయల బొమ్మలు వేసినా ఆట ఇదే. చుక్కల ముగ్గులో ఏ గీత ఎక్కడికి వెళ్ళాలో చూసుకునే చెయ్యికి ఇదేమంత కొత్త?

పేరు జపాన్‌ది గానీ పుట్టిల్లు అమెరికా. హోవర్డ్ గార్న్స్ అనే ఆర్కిటెక్టు తయారుచేసిన ఈ ఆటని 1979లో అక్కడి డెల్ పజిళ్ళ పత్రిక 'నంబర్ ప్లేస్' అని వేసింది, అదీ ఆయన పేరు లేకుండా. 1984లో జపాన్‌లో నికోలి వాళ్ళు వేసి, అంకెలన్నీ ఒంటరిగానే ఉండాలి అనే అర్థం వచ్చే పొడవాటి పేరు పెట్టారు. దాన్ని కుదిస్తే సుడోకు. అంకెలకు కూడా బ్రహ్మచర్యమే! 2004 నవంబరులో లండన్ టైమ్స్ పత్రికలో మొదలయ్యాకే ఇది ఇంటింటికీ పాకింది. గార్న్స్‌గారు 1989లోనే పోయారు. పాపం, ఈ సంబరమేదీ చూడలేదు.

ఇక గళ్ళు పెద్దవి చేసుకోవడం ఎలాగంటే, పేజీకి ఒక్కటే పజిల్ ఉండే పెద్దచ్చు పుస్తకాలు దొరుకుతాయి. కొనక్కర్లేదనుకుంటే జెరాక్సు షాపులో రెండింతలు చేసి ఇమ్మంటే ఇస్తారు. నన్నడిగితే స్కేలు పెట్టి గీసుకోవడమే మేలు. ఏ-ఫోర్ కాగితం వెడల్పు 21 సెంటీమీటర్లు. రెండేసి సెంటీమీటర్ల గళ్ళు తొమ్మిది గీస్తే 18 అవుతుంది, అటూ ఇటూ ఒకటిన్నర మిగులుతుంది. ప్రతి మూడు గళ్ళకీ ఒక గీత లావుగా దిద్దండి, చదరాలు విడివిడిగా కనపడతాయి. ఇచ్చిన అంకెలు పెన్నుతోనూ, మీరు వేసేవి పెన్సిలుతోనూ రాయండి. 2బి పెన్సిలైతే నల్లగా పడుతుంది, రబ్బరుకి తేలిగ్గా పోతుంది. న్యూస్‌ప్రింటు మీద రబ్బరు రుద్దితే కాగితం చిరుగుతుంది, ఆ బాధా ఉండదు. ఎక్కించాక పేపర్లో ఎన్ని అంకెలున్నాయో, మీ దాంట్లో అన్నే ఉన్నాయో లెక్కపెట్టుకోండి. 17కన్నా తక్కువ ఉంటే మాత్రం ఒక్కటైనా జారినట్టే. అంతకన్నా తక్కువ అంకెలతో ఒకే జవాబు వచ్చే సుడోకు లేదని 2012లో డబ్లిన్‌లోని లెక్కల పండితులు తేల్చారు.

పెద్ద గడి వల్ల ఇంకో లాభం ఉంది. ఇక్కడ 3 గానీ 7 గానీ రావచ్చు అనిపిస్తే ఆ రెండూ మూలన చిన్నగా రాసుకోవచ్చు. ఒకే వరసలో రెండు గళ్ళకి ఆ 3, 7 మాత్రమే మిగిలాయనుకోండి, ఆ వరసలో ఇంకే గడిలోనూ అవి రావు. మిగతా చోట్ల కొట్టేయండి. గోరంత గడిలో ఇది రాసుకునే చోటేదీ?

మొదలెట్టేటప్పుడు ఎక్కువసార్లు కనిపించే అంకెని పట్టుకోండి. పై మూడు వరసల్లో మొదటి వరస 5 ఎడమ చదరంలో, రెండో వరస 5 మధ్య చదరంలో ఉన్నాయనుకుందాం. అంటే కుడి చదరంలో 5 మూడో వరసలోనే రావాలి. అక్కడి మూడు గళ్ళలో రెండు నిండి ఉంటే మిగిలిందే దాని చోటు. ఊహించి వేయడం నాకు నచ్చదు. ఒక్క ఊహ తప్పితే గంట పోతుంది.

ఇది చేస్తే మతిమరుపు రాదని కొందరు చెబుతుంటారు. 1936లో పుట్టిన 498 మందిని చూసిన అబర్డీన్ పరిశోధకులు, పజిళ్ళు చేసినంత మాత్రాన వయసుతో వచ్చే తగ్గుదల ఆగదనీ, కాకపోతే అలవాటున్నవాళ్ళ బుర్ర పైమెట్టు నుంచి దిగడం మొదలెడుతుందనీ 2018లో చెప్పారు. నాకైతే మందనుకుని మింగడం కన్నా ఇష్టంగా ఆడటమే బాగుంది.

ఒక్కటి మాత్రం మరిచిపోవద్దు. పెద్ద గళ్ళు కళ్ళజోడుకి బదులు కాదు. ఇంట్లో అందరి కళ్ళూ చూపించి మనవి మాత్రం వచ్చే నెలకి వాయిదా వేస్తాం. గ్లకోమా అనే నీటికాసుల జబ్బు చాలామందికి నొప్పి లేకుండానే పక్కచూపుని తినేస్తుంది, పోయిన చూపు తిరిగిరాదు. షుగరున్నవాళ్ళు ఏడాదికోసారి కంటి వెనకపొర చూపించుకోవాలి. మీరు గీసిన ఆ గళ్ళ కాగితాన్నే, జోడు పెట్టుకుని, ఒక కన్ను మూసి రెండో కంటితో, తరవాత మార్చి చూడండి. తిన్నటి గీతలు వంకరగా కనిపించినా, మధ్యలో మచ్చలా మసకగా ఉన్నా డాక్టరు దగ్గరికి ఆ వారంలోనే వెళ్ళండి. కంటి డాక్టర్లు కూడా ఇలాంటి గళ్ళ కాగితమే చూపించి పరీక్ష చేస్తారు. అలాగని కాగితం బాగా కనపడిందని పరీక్ష మానేయకూడదు సుమా.

శుక్లాలతో చూపు తగ్గిన అత్తగారికి తొమ్మిది గళ్ళది కష్టమైతే నాలుగు గళ్ళది గీసి ఇవ్వండి. నాలుగేసి సెంటీమీటర్ల గళ్ళు, మధ్యలో ఒక లావు గీత అడ్డంగా, ఒకటి నిలువుగా. నాలుగు చదరాలు, 1 నుంచి 4 దాకా అంకెలు. బళ్ళో చేరిన మనవడు పక్కన కూర్చుంటే ఇద్దరికీ పొద్దుపోతుంది. ఈ వారానికి ఒకటి ఇదిగో:

1 – – 4
– – 1 –
2 1 – –
4 – – –

ఎడమ నిలువువరసలో 1, 2, 4 ఉన్నాయి కాబట్టి ఖాళీ గడిలో 3 పడుతుంది. ఇప్పుడు పై ఎడమ చదరంలో 2, 4 మిగిలాయి. మొదటి అడ్డవరసలో 4 ఎలాగూ ఉంది, కనుక 1 పక్కన 2. మిగతావి మీరు నింపండి. సరిచూసుకోవడానికి కింది వరస జవాబు 4, 3, 2, 1.