కదలికను హరించు గడ్డ

కాన్సరును రాచపుండని పిలుచుట తెలుగునాట వాడుక. ఆ పేరును బట్టి, పుండు లేనిచోట కాన్సరు లేదని పలువురు తలచుచుందురు. కండరములు, కొవ్వు, నరముల పొరలు మొదలగు మెత్తని కణజాలమున పుట్టు సార్కోమా విషయమున ఈ నమ్మకము మిక్కిలి చేటు చేయుచున్నది. ఇందు తొలుత పుండు పడదు; తరచుగా నొప్పియు నుండదు. చర్మము క్రిందనో, కండరములోపలనో ఒక గడ్డ మాత్రము పెరుగుచుండును.

పెద్దలకు వచ్చు కాన్సరులలో ఇది నూటికి సుమారు ఒకటి మాత్రమే. ఎక్కువగా తొడలో పుట్టును. తొడ ముందరి కండరమున గడ్డ పెరిగినచో మోకాలు పూర్తిగా వంగదు. బాసింపట్టు వేసికొని కూర్చుండుట, మెట్లెక్కుట కష్టమగును. తొడ వెనుకనున్న పెద్ద నరమును నొక్కినచో కాలు తిమ్మిరెక్కి, పాదము పైకి లేవక, చెప్పు జారిపోవుచుండును. భుజమున పుట్టినచో చేయి తలపైకి ఎత్తుట దుర్లభమగును. రోగి తనకు తెలియకయే రెండవ కాలిపై భారము మోపి, నడక మార్చుకొని, వాతమనియో బెణుకనియో సరిపెట్టుకొనును. నేలపై కూర్చుండి భుజించు ఇండ్లలో ఈ మార్పు ఇంటివారి కంటికే ముందుగా పడవచ్చును.

తైలమర్దనము వలన కాలము వృథా యగును. అంతకంటె హానికరమైనది తొందరపాటు కోత. కొవ్వుగడ్డయని తలచి, పరీక్ష లేకయే తీసివేసినచో, కాన్సరు కణములు చుట్టును మిగిలిపోవచ్చును. అప్పుడు రెండవ శస్త్రచికిత్సలో మరింత కండరమును తీయవలసివచ్చును. దానితోపాటు కదలికయు పోవును. ఐదు సెంటీమీటర్లు దాటిన గడ్డకు, లోతున నున్న గడ్డకు, పెరుగుచున్న గడ్డకు కత్తి తగులకముందే ఎం.ఆర్.ఐ. తీయించి, సూదితో చిన్న ముక్క తీసి పరీక్షింపవలెను.

కాలు తీసివేయుదురను భయముతో ఆసుపత్రికి పోనివారును కలరు. 1982లో అమెరికా జాతీయ కాన్సరు సంస్థ వైద్యులు 43 మంది రోగులపై జరిపిన పరిశోధనను ప్రకటించిరి. కొందరికి అవయవమునే తొలగించిరి. తక్కినవారికి గడ్డను మాత్రము తీసి రేడియేషన్ ఇచ్చిరి. బ్రతికియుండుటలో ఇరువర్గములకును చెప్పదగిన భేదము కానరాలేదు. నేడు అధికసంఖ్యాకులకు కాలు నిలుచుచున్నది.

అయినను నిలిచిన కాలు నడువవలెను గదా! రేడియేషన్ వలన కండరములు, కీళ్ళు బిగుసుకొనును. తొడ కండరము తీసినచో మోకాలు తూలును. కావున ఫిజియోథెరపీని శస్త్రచికిత్సకు ముందే నిర్ణయించి, రోగికిని ఇంటివారికిని నేర్పవలెను. కుట్లు విప్పి ఇంటికి పంపుటతో వైద్యము ముగిసినదనుకొనుట సరికాదు. వ్యాయామము నెలల తరబడి సాగవలెను. రేడియేషన్ పొందినవారిలో బిగుసుకొనుట చికిత్స ముగిసిన చాలకాలమునకు గూడ పెరుగవచ్చును.