కారుకి జ్వరమొస్తే...

"కారు నడపడం నేర్చుకున్నారు, సంతోషం. బానెట్ కింద ఏముందో కూడా మీకెందుకండీ?" అనే పెద్దమనుషులు ఇంకా మన మధ్య ఉన్నారు. వాళ్ళ మీద నాకంత కోపం లేదు. ఆ మాట విని, "నిజమే, మనకెందుకులే" అనుకుంటూ పర్సు తెరిచే ఆడవాళ్ళ మీదే నా కోపమంతా!

పిల్లాడికి ఒళ్ళు కాలితే మనమేం చేస్తాం? ఎప్పటినుంచి కాలుతోంది, పగలెక్కువా రాత్రెక్కువా, దగ్గుందా, చలి ఉందా అని అన్నీ గమనించుకుని మరీ డాక్టరు దగ్గరికి వెళతాం. అదే కారు వేడెక్కితే మాత్రం, "రేడియేటర్ పోయిందమ్మా, మార్చాలి" అని షెడ్డులో అనగానే తలూపేస్తాం. ఏం చూసి చెప్పావు తమ్ముడూ అని అడగం.

ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. ఇంజను చుట్టూ కూలెంట్ తిరుగుతూ ఉంటుంది. దాన్ని పంపు తిప్పుతుంది, రేడియేటర్ చల్లారుస్తుంది, బండి ఆగినప్పుడు ఫ్యాను గాలి అందిస్తుంది. థర్మోస్టాట్ అనేది చిన్న తలుపు. ఇంజను తగినంత వేడెక్కాక తెరుచుకుని కూలెంట్‌ని రేడియేటర్‌లోకి వదులుతుంది. మూత పని మన ప్రెషర్ కుక్కర్ మూత పనే. ఒత్తిడి పెంచి, 100 డిగ్రీలకే మరిగిపోకుండా ఆపుతుంది.

ఇక లక్షణాలు చూడండి. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు వేడెక్కి, రోడ్డు దొరకగానే చల్లబడుతోందా? ముందు ఫ్యానునీ, దాని ఫ్యూజునీ అనుమానించాలి. హైవే మీద వేగంగా పోతుంటేనే వేడెక్కుతోందా? రేడియేటర్‌లో పొట్టు పేరుకుందేమో, పంపు నీరసించిందేమో చూడాలి. బండి స్టార్టు చేసిన కాసేపటికే ముల్లు పైకి పోతోందా? థర్మోస్టాట్ మూసుకుపోయి ఉండొచ్చు, లేదా కూలెంటే తగ్గి ఉండొచ్చు. నేల మీద చుక్క కనబడకుండానే కూలెంట్ తగ్గిపోతూ, వెనక తియ్యటి వాసనతో తెల్లపొగ ఆగకుండా వస్తోందా? అప్పుడు హెడ్ గాస్కెట్ పేరెత్తాలి. అది పెద్ద ఖర్చే. కానీ పోయింది చిన్న రబ్బరు గొట్టమో, మూతో అయినప్పుడు కూడా పెద్ద ఖర్చే చెబితే? దెబ్బ ఒకచోట, మందు ఒకచోట!

చేతులకి మసి పూసుకోమని కాదు నేననేది. ముల్లు ఎర్రగీత వైపు పోతుంటే ఏసీ కట్టేసి, బండి పక్కకి తీసి, ఇంజను ఆపండి. పూర్తిగా చల్లారేదాకా మూత జోలికి పోవద్దు. కుక్కర్ కూత వేస్తుండగా మూత లాగే ఇల్లాలు ఎక్కడైనా ఉందా? కూలెంట్ బదులు ఎప్పుడూ కుళాయి నీళ్ళు పోయించకండి. గీజరులో పట్టే తెల్లటి పొట్టే అక్కడా పడుతుంది.

అసలు ఇది మగవాళ్ళ వ్యవహారమని ఎవరు తేల్చారు? 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఇల్లాలు, భర్త కనిపెట్టిన మోటారు బండిని ఆయనతో చెప్పకుండానే తీసుకుని, ఇద్దరు కొడుకులతో మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కి వంద కిలోమీటర్లకు పైగా వెళ్ళింది. ఆ ఇంజనులో నీళ్ళు ఆవిరైపోతుంటే దారి పొడుగునా దొరికినచోటల్లా పోసుకుంటూ వెళ్ళింది. ఇంధనం గొట్టం పూడుకుపోతే టోపీ పిన్నుతో బాగుచేసుకుంది. లోకంలో మొట్టమొదటి దూరప్రయాణం చేసిన కారు జ్వరాన్ని కనిపెట్టుకుని ఉన్నది ఓ ఆడదే!

కాబట్టి ఈసారి షెడ్డుకెళ్ళినప్పుడు, బండి ఎప్పుడెప్పుడు వేడెక్కుతోందో మీరే ముందు చెప్పండి. తర్వాత రెండే ప్రశ్నలు వెయ్యండి: తగ్గిన కూలెంట్ ఎక్కడికి పోయింది? ఏం పరీక్షించి ఈ పార్టు మార్చమంటున్నావు? పని తెలిసిన మెకానిక్ ఈ ప్రశ్నలకి సంతోషిస్తాడు. అతనికి అడిగినంతా ఇవ్వండి. కసురుకునేవాడి దగ్గర్నుంచి తాళాలు వెనక్కి తీసుకుని వచ్చెయ్యండి.