తాళాల గుత్తితో తగ్గే మూర్ఛ లేదు

నలుగురున్న చోట ఎవరికైనా ఫిట్స్ వస్తే ముందుగా వినపడే మాట "తాళాలు తెండి!" అన్నదే. ఎవరో గుత్తి తీసి రోగి గుప్పిట్లో కుక్కుతారు. ఇంకొకరు ఉల్లిపాయ చితక్కొట్టి ముక్కు దగ్గర పెడతారు. అదీ దొరక్కపోతే చెప్పు వాసన చూపిస్తారు. కాసేపటికి కాళ్లూ చేతులూ కొట్టుకోవడం ఆగుతుంది. ఇనుము తగిలింది కాబట్టే తగ్గిందని అందరూ తేల్చేస్తారు.

చాలా మూర్ఛలు ఒకటి నుంచి మూడు నిమిషాల్లో వాటంతటవే ఆగిపోతాయి. తాళాలు వెతికి తెచ్చేసరికి ఆ సమయం ఎలాగూ గడుస్తుంది. గుప్పిట్లో అరటిపండు పెట్టినా, అసలేమీ పెట్టకపోయినా ఫలితం అదే. అర్ధరాత్రి నిద్రలో వచ్చి, ఇంట్లో ఎవరికీ తెలియకుండానే తగ్గిపోయే మూర్ఛలున్నాయి. వాటికి ఏ ఇనుము తగిలింది?

తాయెత్తు బతుకుతెరువు కూడా ఇదే. చాలామందికి మూర్ఛ రోజూ రాదు. ఒకసారికీ మరోసారికీ మధ్య వారాలో నెలలో గడుస్తాయి. ఆ విరామాన్ని తాయెత్తు తన ఖాతాలో వేసుకుంటుంది. మళ్లీ వస్తే మాత్రం మైల తగిలిందనో, నియమం తప్పారనో అంటారు. తగ్గితే మహిమ తాయెత్తుది, తగ్గకపోతే తప్పు రోగిది. ఎప్పటికీ ఓడిపోని ఇలాంటి వాదాన్ని పరీక్షించే దారే లేదు.

మూర్ఛ దేవతల పని కాదని క్రీ.పూ. 400 ప్రాంతంలోనే హిప్పోక్రటీస్ పేరిట ఉన్న గ్రీకు వైద్యగ్రంథం వాదించింది. కారణం మెదడులో ఉందనీ, తెలియనితనాన్ని కప్పిపుచ్చుకోవడానికే మంత్రగాళ్లు దేవుణ్ణి అడ్డం పెట్టుకున్నారనీ చెప్పింది. మన చరక సంహిత మూర్ఛను అపస్మారమని పిలిచి, దాన్ని వాత, పిత్త, కఫ, సన్నిపాతాలుగా విభజించింది. ఆ సిద్ధాంతం నేడు నిలవదు గానీ, రోగానికి మూలాన్ని దేహంలో వెతకాలన్న దృష్టి అందులో ఉంది. రెండువేల ఏళ్లు దాటాక కూడా వేపమండలతో కొట్టించేవాళ్లు ఆ పాత వైద్యుల కంటే వెనకబడినట్టే.

"గాలి సోకింది" అనడానికి జనం చూపే సాక్ష్యాలు కొన్నున్నాయి. ఉన్నట్టుండి ఎక్కడా లేని దుర్వాసన, కారణం లేని భయం, వినపడని గొంతులు వినపడటం, చూపు నిలిచిపోవడం. కణతల వెనక ఉండే టెంపోరల్ లోబ్‌లో పుట్టే మూర్ఛకు ఇవి తెలిసిన లక్షణాలే. మాంట్రియల్‌లో వైల్డర్ పెన్‌ఫీల్డ్ అనే శస్త్రవైద్యుడు, మెలకువగా ఉన్న రోగుల మెదడులో ఆ భాగాన్ని స్వల్ప విద్యుత్తుతో తాకించినప్పుడు కొందరికి సంగీతం, తెలిసినవాళ్ల గొంతులు వినిపించాయి. తీగ తగిలితే పలికే ఆ గొంతు ఏ దెయ్యానిది?

"పోనీ, తాయెత్తు కడితే నష్టమేముంది?" అంటారు. తాయెత్తును నమ్మితే చికిత్స ఆలస్యమవుతుంది; ఈ రోగం చేసే నష్టం మెదడు అల్లికలో కనిపిస్తోంది. మెదడు భాగాల మధ్య బంధాలు రెండు రకాలు. ఒకటి నిర్మాణ బంధం, అంటే భాగాన్నీ భాగాన్నీ కలిపే నాడీతంతువులు. రెండోది పనిలో బంధం, అంటే ఏ భాగాలు ఒకే లయలో కలిసి పనిచేస్తున్నాయన్నది. కాలువ తవ్వి ఉండటం వేరు, అందులో నీళ్లు పారడం వేరు. ప్రత్యేక ఎమ్మారై పద్ధతులతో ఈ రెంటినీ చూడవచ్చు. టెంపోరల్ లోబ్ మూర్ఛ ఉన్నవారిలో జ్ఞాపకానికి కీలకమైన హిప్పోక్యాంపస్‌ను ఇతర భాగాలతో కలిపే తంతువులు దెబ్బతిన్నట్టు, మనం ఊరికే కూర్చున్నప్పుడు చురుగ్గా ఉండే మెదడు వల సడలినట్టు అనేక అధ్యయనాలు చూపాయి. 14 దేశాల్లోని 24 కేంద్రాలు కలిసి 2,149 మంది రోగుల స్కాన్లను పరిశీలించి 2018లో ఫలితాలు ప్రకటించాయి. మూర్ఛ ఏ రకమైనా, మెదడు లోపలి థాలమస్ అనే భాగం చిన్నదవడం, కదలికలను నడిపే పైపొర పలచబడటం కనిపించాయి. పుట్టిన చోటే ఆగిపోని రోగమిది. మతిమరుపు, ఏకాగ్రత లోపం, దిగులు దీని వెంట వస్తాయి. వాటిని దెయ్యం వదల్లేదనడానికి గుర్తులుగా లెక్కించడం మరో క్రూరత్వం.

మూర్ఛ కారణాల్లో ఒకటి మరీ సాధారణమైనది: పంది బద్దెపురుగు గుడ్లు. శుభ్రత లేని చేతుల ద్వారా, కడగని కూరల ద్వారా అవి శాకాహారుల కడుపులోకి కూడా చేరతాయి. వాటి పిల్లలు మెదడులో తిత్తులు కట్టుకుంటాయి. ఈ వ్యాధి పాతుకుపోయిన ప్రాంతాల్లో మూర్ఛ కేసుల్లో దాదాపు 30 శాతానికి ఇదే మూలమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. భూతవైద్యుడికి ఇచ్చే డబ్బు మరుగుదొడ్డికీ సబ్బుకీ పెడితే కొన్ని మూర్ఛలు అసలు పుట్టవు.

పెళ్లి చేస్తే తగ్గుతుందన్న నమ్మకం ఇంకొకటి. రోగం దాచి పెళ్లి చేస్తారు. అత్తవారింట మాత్ర వేసుకోవడానికి భయపడి ఆ అమ్మాయి మందు మానేస్తుంది, మూర్ఛ మళ్లీ వస్తుంది. 1976 సవరణతో హిందూ వివాహ చట్టం మళ్లీమళ్లీ మూర్ఛ వచ్చేవారిని మతిస్థిమితం లేనివారి పక్కన నిలబెట్టి పెళ్లికి అనర్హులంది. 1999లో పార్లమెంటు ఆ మాట తొలగించింది. చట్టం మారింది, సంబంధాలు చూసేవాళ్లు మారలేదు.

ప్రపంచంలో సుమారు 5 కోట్ల మందికి మూర్ఛ ఉంది. సరైన నిర్ధారణ, చికిత్స అందితే వారిలో 70 శాతం వరకు మూర్ఛలు లేకుండా బతకగలరు. కాబట్టి ఎదుట ఎవరైనా పడిపోతే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, తల కింద మెత్తటిది పెట్టండి, గడియారం చూడండి. నోట్లో చెంచా గానీ నీళ్లు గానీ పెట్టవద్దు, చేతులు అదిమి పట్టవద్దు. 5 నిమిషాలు దాటితే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. అరగంట సాగితే నాడీకణాలే చనిపోవచ్చు. ఆ తర్వాత న్యూరాలజిస్టు రాసిన మందును, ఆయన ఆపమనేదాకా, ఒక్కరోజు కూడా మానకండి.