తేనె తీసిన తరువాతే అసలు పరీక్ష

న్యూఢిల్లీ: దేశ రాజధాని ప్రాంతంలోని తేనెటీగల పెంపకందార్లకు ఏడాది ఆదాయమెంతో చివరి విడత తేనె తీతతో తేలిపోతుంది. మరుసటి ఏడాది ఆదాయం మాత్రం ఆ తరువాతి మూడు, నాలుగు మాసాల్లో పెట్టెలను వారు కాపాడుకునే తీరుపై ఆధారపడి ఉంటుంది. తేనె ధర పడిపోయినప్పుడల్లా మొదట దెబ్బతినేది ఈ సంరక్షణే కావడం గమనార్హం.

హర్యానాలోని రేవారి, ఝజ్జర్, రాజస్థాన్‌లోని అల్వర్, భరత్‌పూర్ జిల్లాలు రాజధాని ప్రాంత పరిధిలోనివే. శీతకాలంలో ఇక్కడి ఆవ చేల గట్లపై తేనెపెట్టెలు బారులు తీరి కనిపిస్తాయి. ఫిబ్రవరితో ఆవపూత ముగియగానే పలువురు పెట్టెలను లారీలపై బీహార్‌లోని ముజఫర్‌పూర్ లిచీ తోటలకు, ఆపైన బర్సీం, పొద్దుతిరుగుడు సాగయ్యే ప్రాంతాలకు తరలిస్తారు. జూన్ నాటికి చివరి తీత పూర్తవుతుంది. అక్కడి నుంచి సెప్టెంబర్ వరకు మకరందానికి కరవు కాలమే.

ఉత్తరాదిన పెంచుతున్న ఈగ ఐరోపా జాతికి చెందిన ఎపిస్ మెల్లిఫెరా. 1962లో నేటి హిమాచల్‌ప్రదేశ్‌లోని నగ్రోటా బగ్వాన్‌లో దీని పెంపకం తొలిసారి విజయవంతమైంది. చలి దేశాల్లో ఆఖరి తేనె తీసిన తరువాత పెట్టెలను మంచుకాలానికి సిద్ధం చేస్తారు. ఢిల్లీ పరిసరాల్లో పరిస్థితి ఇందుకు పూర్తిగా విరుద్ధం. ఇక్కడ చలికాలం పంటకాలం కాగా, వేసవి, వర్షరుతువులే గండాలు. అందువల్ల విదేశీ పద్ధతులను ఉన్నవి ఉన్నట్లు అనుసరిస్తే ప్రయోజనం చేకూరదు.

పెట్టెలోని పిల్ల ఈగలు పెరగడానికి 34, 35 డిగ్రీల వేడి ఉండాలి. బయట ఎండ 45 డిగ్రీలకు చేరినపుడు కూలి ఈగలు నీరు మోసుకొచ్చి, రెక్కలతో విసిరి పెట్టెను చల్లబరుస్తాయి. పెట్టెలను నీడకు చేర్చి, చేరువలో నీరు ఉంచితే ఆ శ్రమ తగ్గుతుంది. ఈగలు తగ్గిన పెట్టెల్లో ఖాళీ చట్రాలను తొలగించాలి. లేనిపక్షంలో మైనపు పురుగు వాటిని తొలిచివేస్తుంది. బలహీనమైన పట్టులను విడివిడిగా నెట్టుకురావడం కంటే బలమైన వాటితో కలిపివేయడం మేలు. కరవు కాలంలో బలమైన పట్టు బలహీనమైన దానిని దోచుకుంటుంది కనుక ద్వారాన్ని ఇరుకు చేయాలి. కందిరీగల బెడదకూ ఇదే విరుగుడు. వరోవా నల్లికి మందు వాడవలసి వస్తే తేనె తీసిన తరువాత వాడాలన్నది మరో నియమం. తీతకు ముందు విచక్షణ లేకుండా మందులు వాడితే వాటి అవశేషాలు తేనెలో తేలుతాయి. 2010లో ఐరోపా యూనియన్ భారత తేనె దిగుమతిని నిలిపివేయడానికి ఇటువంటి అవశేషాలపై ఆందోళన ఒక కారణం. ఆ నిషేధం 2011లో తొలగింది.

అసలు చిక్కు మేత వద్ద వస్తున్నది. పెట్టెలో నాలుగైదు కిలోల తేనె వదిలితే ఈగలు కరవును తట్టుకోగలవు. గిట్టుబాటు ధర లేని రైతు ఆ తేనెను కూడా పిండుకుని, బదులుగా చక్కెర పాకం పెడుతున్నాడు. కరవు కాలంలో పాకం పెట్టడం తప్పు కాదు. అయితే పూత మొదలైన తరువాత కూడా దానిని కొనసాగిస్తే ఆ పాకమే తేనె గదికి చేరి, తేనెతో పాటు మార్కెట్‌కు వస్తుంది.

ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 2020 డిసెంబర్‌లో 13 బ్రాండ్ల తేనెను పరీక్షించి, 77 శాతం నమూనాల్లో చక్కెర పాకం కలిసిందని వెల్లడించింది. కొన్ని కంపెనీలు ఆ నివేదికను తోసిపుచ్చాయి. కారకులెవరైనప్పటికీ కల్తీ సరుకు చౌకగా రావడం వల్ల నష్టపోయేది అసలు తేనె పండించే రైతే. ఆవ తేనె సహజంగా త్వరగా పేరుకుంటుంది. పేరుకున్న తేనెను కల్తీదని శంకించే వినియోగదారుడు పలుచని పాకాన్ని స్వచ్ఛమని నమ్మి కొనడం ఈ వ్యవహారంలోని మరో విపర్యాసం.

కేంద్ర ప్రభుత్వం 2020లో రూ.500 కోట్లతో జాతీయ తేనెటీగల పెంపకం, తేనె మిషన్‌ను ప్రకటించింది. 2024 మార్చిలో తేనె ఎగుమతికి టన్నుకు 2,000 డాలర్ల కనీస ధర నిర్ణయించింది. నాటి మారకం రేటు ప్రకారం ఇది కిలోకు సుమారు రూ.166. అయితే పేటికలు పంచడం, ఓడరేవు వద్ద ధర నిర్ణయించడం ఒక ఎత్తు కాగా, జూన్ నుంచి సెప్టెంబర్ వరకు ఈగలను బతికించుకోవడం మరొక ఎత్తు.

వానలు పడి సజ్జ పూతకు వస్తే పుప్పొడి దొరుకుతుంది. అటుపై కంది, తోరియా పూతతో ఈగలు మళ్లీ పుంజుకుంటాయి. అప్పటికి పెట్టె నిండుగా ఉన్న రైతుకే ఆవపూత ఫలిస్తుంది. ఖాళీ పెట్టెతో మిగిలిన రైతు ఈగలను కొనడానికే అప్పు చేయాలి. పథకాల ఫలితాన్ని పంచిన పెట్టెల సంఖ్యతో గాక, అక్టోబర్ నాటికి ప్రాణంతో మిగిలిన పట్టుల సంఖ్యతో లెక్కించడం సబబు.