ఆటకు కంచె ఎందుకు?

మన నగరపాలక సంస్థలకు పిల్లల కోసం ఏదైనా చెయ్యాలనిపించినప్పుడల్లా అది ఒకే రూపంలో బయటపడుతుంది. ఎక్కడో ఖాళీ స్థలం వెతుకుతారు. చుట్టూ ఇనుప కంచె, ముందు ఒక ఆర్చి, లోపల ఎరుపూ పసుపూ ప్లాస్టిక్ జారుడుబల్ల, నాలుగు ఉయ్యాలలు, కింద రబ్బరు పరుపు. ఈమధ్య చదువు కూడా జతచెయ్యాలన్న ఉత్సాహం పెరిగింది కాబట్టి గోడ మీద అక్షరమాల, ఎక్కాలు, సౌరకుటుంబం. గేటుకు వేళలు, చాలాచోట్ల టికెట్టు. దీని వెనక ఎవరూ అడిగి చూడని ఒక నమ్మకం ఉంది. ఊరి నడిబొడ్డు వ్యాపారానిదీ వాహనాలదీ, పిల్లలకు అక్కడ పని లేదు. విడిగా, భద్రంగా ఒక చోటు కట్టిస్తే బాధ్యత తీరిపోతుంది. పట్టణ ప్రణాళికలు రాసేవాళ్లూ, తల్లిదండ్రులూ, పత్రికలూ అందరూ దీన్ని ఒప్పుకున్నట్టే కనిపిస్తారు. నేను ఒప్పుకోను. పిల్లలకు ఆటా చదువూ కలిసి దొరికే చోట్లు నగరం మధ్యలో, పెద్దల పనుల పక్కనే, కంచె లేకుండా ఉండాలి. అలా చెయ్యడం సాధ్యమేనని ఒక పెద్ద నగరం ముప్పై ఏళ్లపాటు చేసి చూపించింది.

ఆ నగరం ఆమ్‌స్టర్‌డామ్. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి దాని నడిబొడ్డున బోలెడన్ని ఖాళీ జాగాలు మిగిలాయి. నాజీలు యూదులను తరలించుకుపోయాక వాళ్ల ఇళ్లు ఖాళీ అయ్యాయి, 1944-45 చలికాలపు కరువులో జనం ఆ ఇళ్ల దూలాలనూ మెట్లనూ వంటచెరుకుగా పీక్కుపోయారు, గోడలు కూలాయి. నగర నిర్మాణ శాఖలో అప్పుడే చేరిన ఆల్డో వాన్ ఐక్ అనే యువ వాస్తుశిల్పికి, అదే శాఖలోని యాకోబా ముల్డర్ చొరవతో, ఒక పని అప్పగించారు. 1947లో బెర్టెల్మన్ ప్లేన్ అనే చిన్న కూడలిలో ఆయన మొదటి ఆటస్థలం కట్టాడు. కాంక్రీటు అంచుతో ఒక ఇసుక గుంట, అందులో నాలుగైదు గుండ్రటి కాంక్రీటు దిమ్మెలు, పిల్లిమొగ్గలు వెయ్యడానికి వంచిన ఇనుప కమ్మీలు, కొన్ని చెట్లు, బెంచీలు. అంతే. చూసినవాళ్లు తమ వీధికీ ఒకటి కావాలని నగరపాలక సంస్థకు ఉత్తరాలు రాయడం మొదలుపెట్టారు. 1978 వరకు అలాంటివి ఏడు వందలకు పైగా వచ్చాయి. 1954 నాటి డైక్‌స్ట్రాట్ ఆటస్థలమైతే ఇరుకు వీధిలో రెండు ఇళ్ల మధ్య కూలిన జాగాలో ఇరికించినది. వాటికి దాదాపుగా ఎక్కడా కంచె లేదు. పిల్లలు లేని వేళ ఇసుక గుంట అంచు ముసలివాళ్లకు అరుగు, కమ్మీల వంపు వీధికి ఒక శిల్పం. పిల్లలు లేనప్పుడు కూడా ఆ చోటు వెలవెలబోకూడదన్నది వాన్ ఐక్ పట్టుదల. మన పార్కుల ప్లాస్టిక్ ఏనుగు తొండాన్ని పిల్లలు లేని మధ్యాహ్నం ఒకసారి చూస్తే ఆ పట్టుదల విలువ తెలుస్తుంది.

అది ఆట గురించి, చదువు మాటేమిటంటారా? ఆ ప్రశ్నకు జవాబు అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఉంది. బాల్య మనస్తత్వంపై పనిచేసే కాథీ హర్ష్-పాసెక్, రాబర్టా గోలింకాఫ్ బృందం 2017లో ఆ నగరం పశ్చిమ భాగంలోని బెల్‌మాంట్ అనే పేద పేటలో, బస్టాపు పక్కన పాడుబడిన జాగాలో ఒక ప్రయోగం చేసింది. కూర్చునే బెంచీల వెనక జరిపి కలిపే పజిళ్లు, నేల మీద నియమం మార్చుకుంటూ గెంతే పాదాల గుర్తులు, తలా ఒకలా అల్లుకోదగ్గ కథల బొమ్మలు, వెలుగునీడల్లో దాగిన ఆకారాలు. కంచె లేదు, టికెట్టు లేదు. బస్సు కోసం వేచిచూసే ఆ పది నిమిషాలే బడి. ముందూ తరువాతా పరిశీలిస్తే అక్కడ పెద్దలూ పిల్లలూ అంకెల గురించి, రంగుల గురించి, ఏది పైన ఏది కింద అన్నవాటి గురించి మాట్లాడుకోవడం పెరిగిందని తేలింది. అంతకుముందు మరో ప్రయోగంలో పేద పేటల సూపర్‌మార్కెట్లలో పాలూ కూరగాయల దగ్గర చిన్న ప్రశ్నలు రాసిన అట్టలు పెడితే తల్లీ బిడ్డల సంభాషణ మూడోవంతు దాకా పెరిగింది. డబ్బున్న పేటల్లో పెద్ద తేడా రాలేదు. అక్కడ ఆ మాటలు ముందే జరుగుతున్నాయి కాబట్టి. ఈ రెండింటిలోనూ నాకు కనిపించేది ఒకటే. చిన్నపిల్లలకు చదువు గోడ నుంచి రాదు, పక్కనున్న పెద్దమనిషితో మాట నుంచి వస్తుంది. ఆ మాట పుట్టడానికి ఇద్దరూ ఒకే చోట, ఒకే వస్తువు ముందు ఉండాలి. కంచె చేసే మొదటి పని వాళ్లను విడదీయడం: బిడ్డ లోపల జారుడుబల్ల మీద, తల్లి బయట బెంచీ మీద ఫోను చూసుకుంటూ.

రెండో నష్టం కాలానికి సంబంధించింది. పార్కు అనేది ఒక ప్రయాణం, ఒక కార్యక్రమం. ఆదివారం ఆటో మాట్లాడుకుని, టికెట్టు కొనుక్కుని వెళ్లిరావాలి. పసివయసు నేర్చుకునేదేమో రోజూ, ముక్కలు ముక్కలుగా, పెద్దల పని వేళల మధ్య ఖాళీల్లో. హైదరాబాద్ కోఠిలో, సుల్తాన్ బజారులో, విజయవాడ బీసెంట్ రోడ్డులో పిల్లలు లేరని ఎవరంటారు? తోపుడుబండి కింద నిద్రపోయే చంటిబిడ్డ నుంచి, బళ్లోంచి వచ్చి అమ్మ దుకాణం దగ్గరే హోంవర్కు రాసుకునే పిల్ల దాకా వాళ్లు రోజుకు గంటల తరబడి అక్కడే ఉంటారు. నీలోఫర్ ఆసుపత్రి బయట జిల్లాల నుంచి వచ్చిన కుటుంబాలు పిల్లలతో కాచుకుని కూర్చుంటాయి. నడిబొడ్డుకు పిల్లలు అతిథులు కారు, నివాసులు. వాళ్లు ఉన్న చోట ఏమీ పెట్టకుండా, లేని చోట పార్కు కట్టి, పైగా టికెట్టు పెట్టడం ప్రణాళిక లోపమనుకోను. ఎవరి పిల్లలను నగరం తనవాళ్లుగా లెక్కపెడుతుందో అది చెబుతుంది.

ఇదంతా పడమటి దిగుమతి అని కొట్టిపారేసేవాళ్లు మన పాత గుళ్లకు వెళ్లి మండపాల నేల చూడాలి. దక్షిణాదిన ఎన్నో చోట్ల బండల మీద పులిజూదం గీతలు, వామనగుంటల వంటి ఆటల గుంతలు చెక్కి ఉంటాయి. గుడి ఊరికి నడిబొడ్డు. అక్కడ పంచాయితీలూ సంతలూ హరికథలూ సాగుతుండగానే ఆ గీతల మీద పెద్దలు ఆడేవాళ్లు, పక్కన చేరిన పిల్లలు చూసి నేర్చుకునేవాళ్లు. ఒక పులి ఎన్ని మేకలను కాచుకోవాలో లెక్కవేసుకోవడం గణితమే. మూడు పులులు, పదిహేను మేకలు, గీతలు కలిసే ఇరవై మూడు చోట్లు: ఇంత తక్కువ సరంజామాతో ఇంత ఆలోచింపజేసే ‘లెర్నింగ్ పార్కు’ ఏదీ ఇటీవల కట్టినట్టు లేదు.

గోడ మీద అక్షరమాల గురించి కొంచెం కఠినంగానే అనాలి. అది పిల్లల కోసం కాదు, ప్రారంభోత్సవం ఫోటో కోసం. చదవడం వచ్చిన పిల్లకు దానితో పని లేదు. రాని పిల్లకు అది వాల్‌పేపరు. జారుడుబల్లదీ అదే తీరు: ఎక్కడం, జారడం, మళ్లీ ఎక్కడం, దానితో చెయ్యదగింది తయారుచేసినవాడే ముందుగా నిర్ణయించేశాడు. బ్రిటన్‌కు చెందిన సైమన్ నికల్సన్ 1971లో రాసిన ఒక ప్రసిద్ధ వ్యాసంలో, పరిసరాల్లో కదిలించి మార్చుకోదగ్గ విడి వస్తువులు ఎంత ఎక్కువ ఉంటే పిల్లల్లో కల్పనాశక్తికి అంత చోటు అని వాదించాడు. అంతకు చాలాముందే, 1943లో, కోపెన్‌హేగన్ శివారు ఎమ్‌డ్రుప్‌లో సోరెన్సెన్ అనే ఉద్యానశిల్పి చెక్కలూ ఇటుకలూ పాత సామాన్లూ పిల్లలకు అప్పగించే ఒక ఆటస్థలాన్ని రూపొందించాడు. వాన్ ఐక్ దిమ్మెలు కదలవు నిజమే, కానీ అవి దేనికో చెప్పవు. మెట్టు కావచ్చు, బల్ల కావచ్చు, ద్వీపం కావచ్చు. ఆ నిర్ణయం పిల్లలది, నేర్చుకోవడమంతా ఆ నిర్ణయంలోనే ఉంది.

ఇక అభ్యంతరాల్లో అన్నిటికన్నా బలమైనది రోడ్డు. 1947 ఆమ్‌స్టర్‌డామ్‌లో కార్లెన్ని, ఇవాళ అబిడ్స్‌లో బైకులెన్ని? ఈ ప్రశ్నను తేలిగ్గా తోసేయలేం. అయితే ఆ కథ అక్కడ ఆగలేదు. 1971 ఒక్క ఏడాదిలోనే నెదర్లాండ్స్ రోడ్ల మీద సుమారు 3,300 మంది చనిపోయారు. వాళ్లలో నాలుగు వందల మందికి పైగా పిల్లలు. అప్పుడు తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చి ‘పిల్లల హత్యలు ఆపండి’ అని ఉద్యమం నడిపారు. వాళ్లు పిల్లలను కంచెల్లోకి తోలమని అడగలేదు, కార్లను నెమ్మది చెయ్యమని అడిగారు. డెల్ఫ్ట్ నగరంలో మొదలైన, వాహనం మనిషి నడక వేగంతోనే కదలాల్సిన ఇళ్లవీధులకు 1976లో చట్టబద్ధత వచ్చింది. స్పెయిన్‌లోని పొంతెవెద్రా 1999 నుంచి తన పాత ఊరి మధ్యలోంచి కార్లను దాదాపుగా బయటికి పంపించేసింది. అక్కడ పిల్లలు బడికి నడిచి వెళ్లడం మామూలు సంగతి. అంటే ప్రమాదం పిల్లల ఆటలో లేదు, వాహనాల వేగంలో ఉంది. వేగాన్ని ముట్టుకోకుండా పిల్లలను మాత్రం దాచిపెట్టే పద్ధతికి భద్రత అని పేరు పెట్టుకున్నాం. మన దగ్గర ఇది అసాధ్యమనేవాళ్లకు ట్యాంక్‌బండ్ గుర్తుచెయ్యాలి. 2021 నుంచి కొంతకాలం ఆదివారం సాయంత్రాలు దాని మీద వాహనాలు ఆపి జనానికి వదిలారు, ఊరేమీ స్తంభించలేదు. వారానికి ఒక సాయంత్రం సంబరంలా ఇచ్చినదాన్ని కొన్ని వీధులకు రోజూ ఇవ్వమనడం గొంతెమ్మ కోరికేమీ కాదు.

ఎవరైనా ఎత్తుకుపోతే? పెద్ద పిల్లలు చిన్నవాళ్లను కొడితే? ఈ భయాలకు నగరాల గురించి రాసిన రచయిత్రి జేన్ జేకబ్స్ 1961లోనే న్యూయార్క్ కాలిబాటలను చూపించి సమాధానం చెప్పింది. దుకాణదారులూ, కిటికీల్లో కూర్చున్నవాళ్లూ, దారిన పోయేవాళ్లూ చూస్తూ ఉండే కాలిబాట, ఎవరి కంటా పడని పార్కుకన్నా పిల్లలకు క్షేమమని ఆమె వాదన. ఇంగ్లండులో దశాబ్దాలు పిల్లల ఆటలను సేకరించిన ఓపీ దంపతులు 1969లో ప్రచురించిన గ్రంథంలో, పెద్దలు కేటాయించి మూసిన ఆవరణల్లో పిల్లలు వీధుల్లోకన్నా ఎక్కువ దౌర్జన్యంగా ప్రవర్తిస్తారని గమనించారు. మన కిరాణా కొట్టు యజమానికీ, మల్లెపూలు అమ్మే ఆవిడకూ వీధిలో ఏ పిల్ల ఎవరిదో తెలుసు. గేటు దగ్గర స్టూలు మీది సెక్యూరిటీ గార్డుకు తెలియదు. ఎండ గురించి మాత్రం ఒప్పుకోవాలి, మే నెలలో మధ్యాహ్నం ఎక్కడా ఆడలేరు. కానీ నిప్పులా కాలే రబ్బరు పరుపూ జారుడుబల్లా ఆ సమస్యను పెంచుతాయే తప్ప తగ్గించవు. భవనాల నీడ పడే సందులో, వేపచెట్టు కింద రాతి అంచే నయం.

ఆమ్‌స్టర్‌డామ్‌లోనే అవి మిగల్లేదు కదా అని అడిగేవాళ్లున్నారు. నిజమే. ఆ ఏడు వందల్లో అసలు రూపంలో ఉన్నవి కొద్దే. ఖాళీ జాగాల్లో చాలావాటి మీద తిరిగి ఇళ్లు లేచాయి, కొన్నింటి సామగ్రి మార్చేశారు. వాన్ ఐక్ కమ్మీల గుమ్మటాలు ఇప్పుడు రైక్స్ మ్యూజియం తోటలో ఉన్నాయి. పిల్లలు వాటి మీద ఎక్కుతూనే ఉన్నారనుకోండి, అది వేరే సంగతి. కానీ తాత్కాలికత ఇక్కడ వైఫల్యం కాదు. జాగా ఖాళీగా ఉన్నన్నాళ్లు వాడుకుని, అవసరమైనప్పుడు వదిలేసేలాగే వాటిని చౌకగా, చిన్నవిగా కట్టారు. మెట్రో స్తంభాల కింద, కోర్టు తగాదాల్లో ఏళ్ల తరబడి చెత్త మేట వేసుకున్న మన ప్రభుత్వ జాగాల్లో ఇదే పనికొచ్చే పద్ధతి. స్థలం లేదన్న సాకుకు ఇక్కడే కాళ్లు విరుగుతాయి, ఎందుకంటే అడుగుతున్నది ఎకరాలు కాదు, బస్టాపు వెనక పది గజాలు.

డబ్బు, అనుభవం లేవన్న మాట కూడా నిలవదు. కేంద్ర గృహనిర్మాణ, పట్టణ వ్యవహారాల శాఖ 2020లో ప్రకటించిన పసిపిల్లల పరిసరాల పోటీలో ఎంపికైన పది నగరాల్లో వరంగల్, కాకినాడ రెండూ ఉన్నాయి. దాని ఆలోచనా మూలం మూడేళ్ల బిడ్డ ఎత్తు, అంటే 95 సెంటీమీటర్ల నుంచి నగరాన్ని చూడాలన్నది. ఆ ఎత్తు నుంచి మన బజారు ఎలా కనిపిస్తుందో ఇంజినీరు మోకాళ్ల మీద కూర్చుని చూసినా చాలు: డ్రైనేజీ మూతలు, బైకుల సైలెన్సర్లు, ఎక్కలేనంత ఎత్తు కాలిబాట. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు ఆటతోనే చదువు చెప్పాలంటుంది, కానీ ఆ మాట బడి గేటు దాటదు. విద్యాశాఖకు కాలిబాట తన పరిధి కాదు, మునిసిపల్ ఇంజినీరుకు చదువు తన పని కాదు, ఉద్యాన విభాగానికి కంచె లేని స్థలం లెక్కలోకే రాదు. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఈ పని ఒకే శాఖలో, ఒకే బల్ల మీద జరిగింది. వీధివాళ్ల ఉత్తరం వస్తే అదే బల్ల మీదికి వచ్చేది. మన వార్డు కార్యాలయాల్లో అలాంటి బల్ల ఒకటి ఏర్పాటు చెయ్యడానికి కొత్త చట్టం అక్కర్లేదు. తరువాతి పార్కు టెండరులో కంచెకూ ఆర్చికీ రాసే మొత్తాన్ని దానికి మళ్లిస్తే, మొదటి ఏడాది పనికి అది సరిపోతుంది.